ఆరువందల మూడు పేర్లు

యుద్ధం 388వ రోజు

ఈ రోజు గోడపత్రికలో వేసిన అంకె 84 శాతం. నిన్న 83.

మధ్యాహ్నం షిఫ్టు మారే వేళ కొత్త నాగావళి తొమ్మిది సొరంగాల్లోనూ గొర్లె ఎర్నమ్మ పాట వస్తుంది. ఒక్కో చరణం తర్వాత గొంతు ఆగుతుంది. జనం ఊ కొట్టాలి. స్పీకరు పక్కనున్న మైకు ఆ ఊలను లెక్కిస్తుంది. ఎంతమంది ఊ కొడితే అంతమంది యుద్ధాన్ని బలపరిచినట్టు. ఆ అంకె ఏకాభిప్రాయ విభాగం నుంచి సాయంత్రం నాకు చేరుతుంది. దాన్ని ఒక పేరాగా రాసి, తొమ్మిది ప్రతులు తీయించి, పొద్దున్నే తొమ్మిది కూడళ్లలో అంటిస్తాను. ఈ పనిలో నాకిది ముప్పై ఒకటో ఏడు. పత్రికలో పట్టనివి ఇక్కడ రాస్తున్నాను.

ఎర్నమ్మ చనిపోయి ఎనభై ఏడు రోజులైంది.

ఆమె జముకుల కథ చెప్పేది. చెల్లెలు పోలమ్మ జముకు వాయిస్తూ వంత పాడేది. యుద్ధం 289వ రోజున ఐదో సొరంగం భోజనశాలలో ఎర్నమ్మ ఒక కొత్త పాట కట్టి పాడింది. "మంచు కరిగితే నీళ్లొస్తాయి, మనిషి కరిగితే ఏటొస్తాది" అని మొదలవుతుంది. గట్టవతలి వాళ్లతో మంచు కోసం కొట్టుకోవద్దని దాని సారాంశం. మర్నాడు ఆ పాట పద్నాలుగు పంక్తులూ గోడపత్రికలో వేశాను. ఆమె ఏమందో చదివేవాళ్లకి యథాతథంగా తెలియాలని నా ఉద్దేశం. ఆ మర్నాడు విభాగం వాళ్లు గోడ మీది కాగితాన్ని చింపి, సాక్ష్యంగా తీసుకుని, ఆమెను పట్టుకుపోయారు. సొరంగం పైకొస దగ్గర, ఉపరితలానికి ఆనుకుని చల్లగది ఉంటుంది. పది రోజులు అందులో ఉంచారు. 301వ రోజున పోయింది. "అనారోగ్యం" అని వేయమన్నారు. వేశాను.

ఆమె పాత కథలు అరవై మూడు రికార్డులున్నాయి. వాటి నుంచి విభాగం ఒక గొంతును తయారు చేసింది. అది ఇప్పుడు సరిహద్దుకు రమ్మని పాడుతోంది.

యుద్ధం 391వ రోజు

పోలమ్మ గాలిగుడ్డల రేవులో పని చేస్తోంది. సొరంగాల్లో గాలిని వడకట్టే గుడ్డల్ని వారానికోసారి విప్పి అక్కడ ఉతుకుతారు. మా వరస గుడ్డలు వేయడానికి వెళ్లాను. ఆమె నాతో మాట్లాడి మూడు నెలలైంది.

"తెచ్చినావా? అక్కడ పడీ."

పడేశాను. కదల్లేదు.

"ఇంకేటి? ఈ పాలి నా మాటలు కూడా రాసి గోడకి అంటిస్తావేటి?"

"లేదు పోలమ్మా."

"మా అప్ప పాటలో ఒక్క ముక్క తప్పు రాయనేదు నివ్వు. మెచ్చుకోవాల. ఆలకి పని తగ్గించీసినావు."

రేవులో మిగతా ఆడవాళ్లు గుడ్డలు పిండడం ఆపారు. ఆమె చేతులు సున్నపునీళ్లకి పగిలి ఉన్నాయి. అప్పుడే షిఫ్టు గంట మోగి పాట మొదలైంది. అక్క గొంతు. చరణం ఆగగానే అందరూ ఊ అన్నారు. పోలమ్మ కూడా అంది.

"ఇన్నావా? మా అప్పని సంపీసి, ఆలు నా సేతే ఊ కొట్టిస్తన్నారు. తవిటన్నా, నాకు ఇంకేటీ అక్కర్నేదు. ఆ గొంతు ఆల నోట్లోంచి లాగీయాల. లాగీసిన రోజు ధర్మారావు మొకం నాను సూడాల."

సనపల ధర్మారావు ఏకాభిప్రాయ విభాగం అధిపతి. చల్లగది ఉత్తర్వు మీద సంతకం అతనిదే. ఆ ఉత్తర్వు నేను చూశాను.

యుద్ధం 399వ రోజు

రేవులో జరిగింది ఇది. నా కళ్ల ముందే జరిగింది.

సరిహద్దు కందకాల నుంచి మురికి గుడ్డల మూట వచ్చింది. చిన్నమ్మి అనే ఆమె మూట విప్పింది. గుడ్డల మధ్య ఒక చొక్కా ఉంది. మెడ పట్టీ మీద ఎర్రదారంతో "బోర గవరయ్య" అని కుట్టి ఉంది. ఆ కుట్టు చిన్నమ్మిదే. గవరయ్య ఆమె మొగుడు. విభాగం లెక్కలో అతను బతికే ఉన్నాడు. చొక్కా వెనక భాగం లేదు.

పాట మొదలైంది. పదకొండుమంది ఆడవాళ్లలో ఒక్కరూ ఊ కొట్టలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు. గొంతు అదే చరణం మళ్లీ పాడింది. ఆగింది. మూడోసారి పాడింది. ఆగింది. తర్వాత జముకు చప్పుడు కూడా ఆగిపోయింది. స్పీకరులోంచి ఎర్నమ్మ మామూలు మాటలా అడిగింది:

"ఎవులింట పోనారమ్మా?"

చిన్నమ్మి చొక్కా పట్టుకుని అలాగే నిలబడి, "మా ఇంటాయన" అంది.

"పేరేటి? ఏ పాటి వోరు? ఎలా పోనారు?"

చిన్నమ్మి పేరు, వయసు, తెలిసినంతా చెప్పింది. గొంతు పాడింది. బోర గవరయ్య, ముప్పై నాలుగేళ్లు, మంచు గట్టు మీద పోయాడని, చొక్కా ఒక్కటే ఇంటికొచ్చిందని రెండు నిమిషాలు పాడింది. చిన్నమ్మి నేల మీద కూర్చుండిపోయింది. పాట ముగిశాక గొంతు మళ్లీ సరిహద్దుకు రమ్మనడం మొదలుపెట్టింది.

ఇది కథ చెప్పేవాళ్ల ఆచారం. మైలలో ఉన్న ఇంటివాళ్లు పదకొండు రోజులు కథకి ఊ కొట్టరు. మూడుసార్లు పాడినా ఊ రాకపోతే మైలవాళ్లు వచ్చి కూర్చున్నారని అర్థం. కథ ఆపి, పోయినవాళ్ల పేరు అడిగి, ఆ పేరు పాడాకే ముందుకెళ్లాలి. ఎర్నమ్మ అరవై మూడు రికార్డుల్లో కనీసం ఇరవై సార్లు అలా ఆగింది.

ఆ అలవాటు గొంతులో ఎలా మిగిలిందో నాకు తెలుసు. మొదట్లో ఇంజనీర్లు చరణాల మధ్య విరామాలు తీసేశారు. భోజనశాలల్లో జనం నవ్వారు. "సచ్చినాక ఊపిరి అక్కర్నేదు కదేటి" అని ఒక ముసలాయన అన్న మాట తొమ్మిది సొరంగాలూ తిరిగింది. ధర్మారావు మూడో సొరంగంలో ఈ కథలు వింటూ పెరిగినవాడు. ఎర్నమ్మ పద్ధతుల్లో ఒక్కటి కూడా తీయకూడదని, మొత్తం తిరిగి పెట్టాలని రాతపూర్వకంగా ఆదేశించాడు. మైల సంగతి అతనికి తెలియక కాదు. యుద్ధంలో పోయినవాళ్లు నలభై ఒక్కమందే అన్నది అతని విభాగం లెక్క. ఆ నలభై ఒక్క ఇళ్లలోనూ మైల తీరిపోయింది. తను రాయించిన లెక్కను తనే నమ్మాడు.

సాయంత్రం వచ్చిన కాగితంలో రేవుకి ఎదురుగా "మైకు తడిసింది, లెక్క లేదు" అని ఉంది. కింద ఆపరేటరు దమయంతి సంతకం. మైకు తడవలేదు.

యుద్ధం 402వ రోజు

పుట్టగొడుగుల తొట్లకు నీళ్లు పెడుతుంటే పోలమ్మ మా వాకిట్లోకి వచ్చింది. తొట్ల గట్టు మీద కూర్చుంది.

"పయనం ఎప్పుడు?"

పయనం అంటే కొత్తగా చేరినవాళ్లను సరిహద్దుకు పంపే సభ. 412వ రోజున. రెండువందల పన్నెండు మంది వెళతారు. మామూలుగా ఏ స్పీకరు పాట దానిదే, ఆ రోజు మాత్రం తొమ్మిది సొరంగాలకీ ఒకే గొంతు వినిపిస్తుంది. ఆ సంగతి చెప్పాను.

"అయితే ఒక్క దగ్గిర అడిగితే అన్ని దగ్గిర్లా అడుగుతాది."

"అవును."

"జనం ఊ కొట్టకండా ఉంటే సాలు."

"తొమ్మిది వేల మంది."

"మరేటి, తొమ్మిది వేల మందీ. గాలిగుడ్డలు లేని ఇల్లుందేటి? అన్నీ రేవుకే వొస్తాయి. ఉతికిన గుడ్డ ఇచ్చినప్పుడు మాట కూడా ఇస్తాం." నా వైపు తిరిగింది. "నీ దగ్గిర పేర్లున్నాయట గదా?"

ఉన్నాయి. యుద్ధం మొదటి వారం నుంచి రాస్తున్నాను. ఒక్కో పేరుకి ఇద్దరు సాక్షులు, వేర్వేరుగా మాట్లాడినవాళ్లు. ఒక్క సాక్షే ఉన్నవాటిని పక్కన పెడతాను. ఈ పొద్దుటికి 571. విభాగం చెప్పేది 41.

ఏ ఇంట్లో పోయారో ఆ ఇంటికే తెలియని పేర్లు వాటిలో నూటికి పైగా ఉన్నాయి. ఆ ఇళ్లకు ముందుగా చెప్పాలి. చెప్పే పని నాది.

యుద్ధం 405వ రోజు

ఏడో సొరంగంలో పొట్నూరు సింహాద్రి అనే మంచు కోత కూలీ ఒక్కడే నిన్న ఊ కొట్టలేదు. కొడుకు పోయాడని మొన్న నేను చెప్పాను. వారం ఆగమని కూడా చెప్పాను. ఆగలేకపోయాడు. చల్లగదిలో పెట్టారు. ఈ పొద్దున గడ్డకట్టిన వేళ్లు మూడు తీసేసి వదిలారు.

ఆసుపత్రిలో కలిశాను. కట్టు చూపించాడు.

"ఏడు మిగిలినాయి బావూ. ఊ కొట్టడానికి యేళ్లతో పనేటి? ఇంక నోరు మూసుకోడం నాకు రాదనుకుంటన్నాడు ధర్మారావు. పయనం రోజు సూడమను."

ఈ రోజు అంకె 91 శాతం. భయపడి అందరూ గట్టిగా కొట్టారు.

యుద్ధం 409వ రోజు

జాబితాలో ఇప్పటికి 598 పేర్లు. కబురు తెలియని ఇళ్లు నూటికి పైగా తిరిగాను. కొందరు నన్ను తిట్టారు. ఒకామె నా మీద తొట్టినీళ్లు పోసింది. ఎవరూ విభాగానికి చెప్పలేదు.

నిన్న సరిహద్దు నుంచి కాలు పోయి వచ్చిన ఇద్దరు జవాన్లతో విడివిడిగా మాట్లాడాను. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. సనపల కిరీటి 377వ రోజున పోయాడు. ఇరవై ఏళ్లు. ధర్మారావు ఒక్కగానొక్క కొడుకు. శవాన్ని కందకం దాకా మోసుకొచ్చింది వీళ్లే. కబురు మర్నాడే తండ్రికి చేరింది. అతను పేరును 41లో చేర్చలేదు. కొడుకు దూరపు కాపలాలో ఉన్నాడని, ఉత్తరాలు రావని భార్యకు చెప్పాడు. ఆమె ఇప్పటికీ వారం వారం పచ్చడి పొట్లం కట్టి పంపుతోంది.

పోలమ్మకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో తెలియదు.

ఆమె చాలాసేపు గుడ్డను నేలకేసి కొట్టింది. తర్వాత అడిగింది. "ఆ తల్లికి సెప్పినావా?"

"ఇంకా లేదు. రేపు వెళదామనుకుంటున్నాను."

"ఎల్లకు. ఆమెకి సెప్పితే ఆడికి తెలిసిపోద్ది. మన పని సెడిపోద్ది." అది నిజమే. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. "ఆడి కొడుకు మాట ఆడే నోరు తెరిసి సెప్పాల. నా ముందుకొచ్చి సెప్పాల. అందాకా నివ్వు నోరిప్పకు."

ఇవ్వాల్సిన కబురు ఒకటి ఇవ్వకుండా దాచడం ఈ ముప్పై ఒక్క ఏళ్లలో ఇది రెండోసారి. మొదటిది "అనారోగ్యం."

యుద్ధం 412వ రోజు

పయనం సభ పాత మంచు గిడ్డంగిలో జరిగింది. లోపల మూడు వేలమంది ఉంటారు. మిగతావాళ్లు వాళ్ల సొరంగాల్లో స్పీకర్ల ముందు ఉన్నారు. కొత్తగా చేరిన 212 మంది వరుసల్లో నిలబడ్డారు. వేదిక మీద ధర్మారావు, నలుగురు అధికారులు. నేను విలేకరుల బల్ల దగ్గర. పోలమ్మ మూడో వరుసలో, మైకు స్తంభానికి దగ్గరగా నిలుచుంది.

పదకొండింటికి పాట మొదలైంది.

మొదటి చరణం. గొంతు ఆగింది. గిడ్డంగిలో గాలిపంకాల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరో పసిబిడ్డ ఏడిస్తే తల్లి రొమ్ము అందించింది.

అదే చరణం రెండోసారి. ధర్మారావు పక్కనున్న అధికారి వైపు తిరిగి నవ్వాడు, సాంకేతిక లోపం అన్నట్టు. మూడోసారి గొంతు ఆగినప్పుడు నవ్వు లేదు. మైల ఆచారం అతనికి గుర్తొచ్చింది.

"ఆపండి" అన్నాడు, మైకులో కాదు, ఆపరేటరు గది అద్దం వైపు చూసి. "దమయంతీ, ఆపు."

ఎర్నమ్మ అడిగింది. "ఎవులింట పోనారమ్మా?"

"మా ఇంట" అంది పోలమ్మ. "గొర్లె ఎర్నమ్మ. యాభై రెండేళ్లు. సల్లగదిలో పడీసి, గడ్డ కట్టించి సంపీసినాడు సనపల ధర్మారావు. అదిగో, ఆ గట్టు మీద కూకున్నాడు."

గొంతు ఒక క్షణం కూడా తడబడలేదు. యంత్రానికి తన పేరని తెలియదు. ఎర్నమ్మ గొంతు ఎర్నమ్మ చావు పాడింది. చల్లగది పాడింది. సనపల ధర్మారావు పేరు రెండుసార్లు, వంతతో కలిపి పాడింది. తొమ్మిది సొరంగాల్లోనూ వినపడింది. గట్టవతలి వాళ్ల రేడియోలకి కూడా అందిందని తర్వాత తెలిసింది.

ధర్మారావు లేచి అరిచాడు. దమయంతి అద్దం వెనక చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. కిందటి నెల ఎవరో ఒక సొరంగంలో తీగ కోసేశారని, గొంతును ఆపే మీట ఒక్క ఆపరేటరు గదిలోనే ఉండాలని అతనే నిబంధన పెట్టాడు. గదికి లోపలి గడియ. దమయంతి తన మైకు దగ్గరికి వంగింది.

"దుంగ భీమేశు. ఇరవై ఆరు. మా తమ్ముడు. గని కూలిందన్నారు. గని కాదు, మన ఫిరంగే."

తర్వాత జనం ఆగలేదు. గిడ్డంగిలో వరస కట్టారు. మిగతా సొరంగాల్లో స్పీకరు స్పీకరు దగ్గరా వరస కట్టారు. సింహాద్రి కట్టు కట్టిన చెయ్యి ఎత్తి కొడుకు పేరు చెప్పాడు. తలుపు పగలగొట్టమని ధర్మారావు కాపలావాళ్లకు చెప్పాడు. ఇద్దరు కదిలారు. మిగతా పద్నాలుగు మందిలో ఒకడు టోపీ తీసి వరసలోకి వెళ్లి నిలబడ్డాడు. కదిలిన ఇద్దరూ ఆగిపోయారు.

కొత్తగా చేరినవాళ్లలో 145 మంది నేల మీద కూర్చున్నారు. 67 మంది సరిహద్దుకు వెళ్లారు. ఈ అంకె నేను లెక్కపెట్టిందే.

ఈ రోజు ఊల శాతం సున్నా. సాయంత్రం కాగితం రాలేదు. నేనే వేశాను.

యుద్ధం 413వ రోజు

పెద్దల సభ ధర్మారావును పదవి నుంచి తీసేసింది. ఇంట్లోనే ఉండమంది. అతని ఇంటి ముందు ఎవరూ రాళ్లు వేయలేదు. అతని గాలిగుడ్డలు మాత్రం ఉతికేది లేదని రేవువాళ్లు చెప్పేశారు. అతనే ఒక బకెట్టులో ఉతుక్కుంటూ కనిపించాడు.

సరిహద్దులో నిన్నటి నుంచి కాల్పులు లేవు. ఒప్పందం కూడా లేదు.

గొంతు పాడుతూనే ఉంది. పేర్లు చెప్పేవాళ్లు ఇప్పుడు నేరుగా ఆపరేటరు గదికే వస్తున్నారు. పోలమ్మ మీట పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. అన్ని పేర్లూ అయ్యాక గొంతును చెరిపేస్తానంది. సభ ఒప్పుకుంది. ఆ గొంతు మీద హక్కు ఆమెదేనని కాగితం రాసిచ్చింది.

"దాచుకోకూడదూ?" అని దమయంతి అడిగింది. "మీ అక్క గొంతు కదా."

"మా అప్ప సచ్చిపోనాది. ఈ పెట్టెని పనిలో పెట్టీసినారు, అంతే. పని అయిపోతే ఇంటికి పంపీయాల."

యుద్ధం 415వ రోజు

నా జాబితా 604 దగ్గర ఆగింది. ఈ పొద్దున పది గంటలకు 603 అయ్యాయి. వరస ఖాళీ అయింది. గొంతు అలవాటు ప్రకారం మరోసారి అడిగింది. "ఎవులింట పోనారమ్మా?"

తలుపు దగ్గర ధర్మారావు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. ఒంటరిగా వచ్చాడు. బట్టలు నలిగి ఉన్నాయి.

పోలమ్మ స్టూలు మీంచి లేవలేదు. "ఏటి?"

"ఒక పేరుంది." విభాగం మాట పోయి మూడో సొరంగం మాట వచ్చేసింది. "మా వోడు. కిరీటి."

"ఎప్పుడు పోనాడు?"

"నెల దాటింది."

"నెల దాటితే ఇన్నాళ్లూ ఏటి సేసినావు?"

అతను తలుపు దాటి లోపలికి వచ్చాడు.

"ఆలమ్మకి తెలుసా?"

"నేదు. పాట ఇంటాది గదా. అలాగైనా తెలుస్తాదని… నా నోటితో సెప్పలేను, పోలమ్మా. నా వల్ల అవదు. ఎర్నమ్మ సెప్పితే ఇంటాది."

స్పీకరులోంచి మళ్లీ వచ్చింది. తొందరేమీ లేని గొంతు. "పేరేటి? ఏ పాటి వోరు?" ఆ గొంతు అతన్నే అడుగుతోంది. అతను మైకు వైపు ఒక అడుగు వేశాడు.

పోలమ్మ మీట మీద చెయ్యి పెట్టింది.

"మా అప్ప అయితే పాడీసును. నిన్నెరిగీ పాడీసును, అది అలాటి మనిసి. నాను మా అప్పని కాను."

ధర్మారావు నా వైపు తిరిగాడు. "తవిటయ్యా, నీ జాబితాలో ఉన్నాడు కదా? ఇద్దరు సాక్షులున్నారు కదా? చెప్పు ఈమెకి."

"ఉన్నాడు" అన్నాను. "ఇద్దరు సాక్షులూ ఉన్నారు."

అంతకు మించి ఏమీ అనలేదు. అనొచ్చు. పోలమ్మ నా మాట విని ఉండేదేమో. ఆమె నా వైపు చూసి రెండు మూడు క్షణాలు ఆగింది కూడా.

మీట దించింది. గొంతు మాట మధ్యలో ఆగింది. దమయంతి చెరిపే ఆదేశం ఇచ్చింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ పోలమ్మ ధర్మారావు ముఖాన్నే చూసింది. అతను ఖాళీ మైకు ముందు నిలబడి కొడుకు పేరు రెండుసార్లు చెప్పాడు. పోలమ్మ నీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, రేవుకు పనికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నేను ధర్మారావు ఇంటికి వెళ్లాను. అతను ఇంకా రాలేదు. అతని భార్య పచ్చడి పొట్లం కడుతోంది. కూర్చోమంది. కూర్చున్నాను. మిగతా ఇళ్లలో చెప్పినట్టే పేరు, వయసు, రోజు, సాక్షులు చెప్పాను.

సాయంత్రం పత్రిక కూర్చాను. జాబితా మొత్తం వేశాను. చివరి పంక్తి: సనపల కిరీటి, 20, యుద్ధం 377వ రోజు, మంచు గట్టు. శీర్షిక కింద "చనిపోయినవారు 604, పాడిన పేర్లు 603" అని రాశాను. ప్రతులు తీసే ఆమె రెండు అంకెలూ చూసి, ఎక్కడో తప్పు పడిందండీ, ఒకటి తగ్గింది అంది.

తప్పు లేదన్నాను. అలాగే తియ్యమన్నాను.